దోమను తట్టుకొనే వరి దొరకలేదా, దొరికినది చేరలేదా?

సార్వా వరి పాలు పోసుకొనే వేళకు రాజోలు, అమలాపురం, కొత్తపేట ప్రాంతాల పల్లపు చేలలో కనిపించే ఒక దృశ్యం విస్తరణ శాస్త్రవేత్తలకు కొత్త కాదు. పచ్చగా నిలిచిన చేను నడుమ ఒక్కసారిగా బండిచక్రమంత మేర పసుపు తిరుగుతుంది. కొద్ది రోజులలోనే ఆ వలయం పెద్దదై, ఎండుగడ్డి రంగుకు మారి, పైరు నేలకు ఒరుగుతుంది. గట్టు మీదనుండి చూసినవారికి అంతకుముందు వారం అది మంచి చేనే. దుబ్బును రెండు చేతులతో విడదీసి, నీటి మట్టానికి కొంచెం పైన మొదళ్ళను చూసినవారికే గోధుమరంగు దోమ గుంపులు కనిపించి ఉంటాయి. చేను సుడులు సుడులుగా ఎండుతుంది కనుక రైతు దానిని సుడిదోమ అన్నాడు. అది తీసే దెబ్బను దోమపోటు అన్నాడు.

ఆ గట్టున నిలబడిన వ్యవసాయ విద్యార్థి సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ఏ మందు కొట్టారని. రెండవ ప్రశ్న, ఎన్నిసార్లు కొట్టారని. ఏ రకం వేశారన్న ప్రశ్న మూడవదిగానైనా వస్తే సంతోషించాలి. ఈ వరుసను మార్చుకోవాలన్నది ఈ వ్యాసకర్త ఉద్దేశం. అయితే దానికన్నా ముందు చెప్పవలసిన మాట మరొకటి ఉన్నది. పురుగును తట్టుకొనే జన్యు వనరుల కోసం మనం ఇంకా వెతుకుతూనే ఉన్నామని, దొరికిన రోజున సమస్య తీరుతుందని తరగతి గదులలో ఒక భావన వ్యాపించి ఉన్నది. గోదావరి డెల్టా అనుభవం దీనిని సమర్థించదు. వనరులు చాలావరకు దొరికాయి. దొరికినవాటిని నిలబెట్టుకోవడంలోను, రైతు అమ్ముకోగల గింజలోకి చేర్చడంలోను మనం వెనుకబడ్డాము.

చరిత్ర కొంత గుర్తు చేసుకోవాలి. 1960 దశకం చివరిలో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో వేలాది వరి రకాలపై సుడిదోమను వదిలి చూసినపుడు, మన దేశానికి చెందిన ముడ్గో అనే పాత రకం నిలబడింది. దానిపై చేరిన దోమ రసం పీల్చలేక చనిపోయింది. 1971లో ముడ్గోలోని జన్యువును బీపీహెచ్ 1గా, తమిళనాడుకు చెందిన ఏఎస్‌డి 7లోని జన్యువును బీపీహెచ్ 2గా గుర్తించారు. 1973లో మొదటి జన్యువుతో ఐఆర్ 26 విడుదలైంది. ఆగ్నేయాసియాలో అది విస్తారంగా సాగైన రెండు మూడు సంవత్సరాలకే దానిని తినగల దోమ తయారైంది. 1976లో రెండవ జన్యువుతో ఐఆర్ 36 వచ్చింది. ఇంతవరకు పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. మనకు ముఖ్యమైన సంగతి దీని పక్కన ఉన్నది: దక్షిణాసియా దోమకు ఈ రెండు జన్యువులూ మొదటినుండీ అడ్డు కాలేదు. ఫిలిప్పీన్స్‌లో చెట్టంత నిరోధకత చూపిన రకం మన నేల మీద మన దోమ ముందు మామూలు రకమే అయింది. భారతదేశపు విత్తనంలో దొరికిన జన్యువు భారతదేశపు దోమకు లొంగిపోవడం విచిత్రంగా తోచవచ్చు. ఆ దోమ ఆ జన్యువుతో మన గడ్డ మీద ఎంత కాలంగా పరిచయం పెంచుకొన్నదో ఆలోచిస్తే అంత విచిత్రం కాదు.

కనుక మన దోమకు మన వెతుకులాట అవసరమైంది. 1925లో పశ్చిమగోదావరిలో స్థాపితమైన మారుటేరు పరిశోధనా స్థానం ఈ విషయంలో చేసిన పని, డెల్టా రైతుకు తెలిసినంతగా డెల్టా విద్యార్థికి తెలియకపోవడం విచారకరం. 1960 దశకం చివరి భాగంలో ఈశాన్య రాష్ట్రాల కొండలలోను, లోయలలోను తిరిగి సేకరించిన 6 వేలకు పైగా వరి రకాల సంపుటి ఒకటి ఉన్నది. అస్సాం వరి సేకరణ అని దానికి పేరు. ఏఆర్‌సీ అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్యలన్నీ దానివే. ఆ సంపుటిలోని ఏఆర్‌సీ 5984, ఏఆర్‌సీ 6650 మన దోమను తట్టుకొన్నాయి. వీటిలో మొదటిదానిని సౌభాగ్యతో సంకరపరచగా చైతన్య (ఎంటీయూ 2067), కృష్ణవేణి (ఎంటీయూ 2077) వచ్చాయి. రెండవదాని సంతతిలో వజ్రం (ఎంటీయూ 5249), ప్రతిభ (ఎంటీయూ 5293) వచ్చాయి. వజ్రం ఒక జనకంగా విజేత (ఎంటీయూ 1001) వచ్చింది. కృష్ణవేణిని ఐఆర్ 64తో కలిపితే కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) వచ్చింది. ఆ 1010ని పుల్ల పరిశోధనా స్థానపు పీఎల్ఏ 1100తో కలిపితే అమర (ఎంటీయూ 1064) వచ్చింది. దాళ్వాలో వెయ్యిన్ని పది వేసిన కోనసీమ రైతు, తనకు తెలియకుండానే, ఏ కొండవాలు మీదనో ఒక గిరిజన కుటుంబం తరతరాలుగా దాచుకొన్న గింజలోని గుణాన్ని తన మడిలో నాటుతున్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ కొండవారెవరూ సుడిదోమను దృష్టిలో పెట్టుకొని ఆ రకాన్ని నిలుపుకోలేదు. సేకరించినవారు కూడ దోమ కోసమే సేకరించలేదు. అవసరం తెలియక ముందే దాచినందువలన అవసరమైన రోజున అది అందింది. మన మధ్య డెల్టాలో ఒకప్పుడు సాగైన అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, ఆట్రగడ వంటి రకాల విషయంలోనూ ఇదే దృష్టి ఉండాలి. వీటిని అపురూపమైన ఆహారంగా పొగడడం ఈమధ్య ఎక్కువైంది. పొగడ్త మాట ఎట్లున్నా, వాటి నమూనాలు శీతల గిడ్డంగిలో భద్రంగా ఉండడం ఎంత ముఖ్యమో, నేటి దోమపై వాటిని మళ్ళీ మళ్ళీ పరీక్షించడం అంత ముఖ్యం.

పరీక్ష అంటే ఏమి పరీక్ష అన్నది తరువాతి ప్రశ్న. మన పరిశోధనా వ్యాసాలలో అధికభాగం నారుపెట్టె పరీక్షపై ఆధారపడినవి. పెట్టెలో వరుసలుగా రకాలను మొలకెత్తించి, రెండు మూడు ఆకుల దశలో దోమ పిల్లలను వదిలి, తైచుంగ్ నేటివ్ 1 దాదాపు పూర్తిగా చచ్చిన రోజున మిగిలినవాటికి 0 నుండి 9 వరకు మార్కులు వేస్తాము. కేరళలోని పట్టాంబి నుండి వచ్చిన పీటీబీ 33 మరో వైపున నిలబడి ఉంటుంది. ఇది వేగమైన పద్ధతి. వేల రకాలను వడపోయడానికి దీనికి సాటి లేదు. కాని ఇది శిశువుకు పెట్టే పరీక్ష. డెల్టాలో దోమ దెబ్బ తీసేది పొట్ట, ఈనిక, పాలు పోసుకొనే దశలలో. పెట్టెలో 5 మార్కులు తెచ్చుకొని మధ్యస్థమని పక్కన పెట్టబడిన రకం, పొలంలో పూర్తి ఎదుగుదలలో దోమ సంతతిని నెమ్మదింపజేసి పంట చేతికిచ్చే సందర్భాలు ఉన్నాయి. 1985లో విడుదలైన ఐఆర్ 64 కథ ఇదే. అందులో ఉన్న ప్రధాన జన్యువు అప్పటికే ఓడిపోయిన బీపీహెచ్ 1. అయినా దానికి తోడుగా ఉన్న చిన్న చిన్న జన్యువుల బలంతో అది సంవత్సరాల తరబడి పొలంలో నిలిచింది.

విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలను చదివినపుడు నాకు కలిగే అసంతృప్తి ఇక్కడే. వంద వంశాలు పరీక్షించబడతాయి, ఏడు నిరోధకమని, పదహారు మధ్యస్థమని ఒక పట్టిక వేయబడుతుంది, పట్టా వస్తుంది. ఆ ఏడింటినీ మరుసటి సార్వాలో ఏ రైతు పొలంలో నాటారు, ఏ దోమపై చూశారు, గింజ ఎట్లున్నది అన్న ప్రశ్నలకు గ్రంథంలో చోటుండదు. దోమ ఆ మొక్కను ఇష్టపడలేదా, తిని కూడ వృద్ధి చెందలేదా, వృద్ధి చెందినా మొక్క ఓర్చుకొన్నదా అన్న మూడు వేరువేరు గుణాలను విడదీసి చూసినవి బహు తక్కువ. అయిష్టత, జీవనిరోధం, ఓర్పు అని ఈ మూడింటినీ పెయింటర్ 1951లోనే విడదీశాడు. ఓర్పు మీద మన శ్రద్ధ మరీ తక్కువ. దోమను చంపని మొక్క దోమను మార్చదు. కనుక ఓర్పు ఆధారంగా నిలిచిన రకం ఎక్కువ కాలం నిలుస్తుందని ఆశించడానికి కారణం ఉన్నది.

ఉత్తర తెలంగాణలో, ముఖ్యంగా ఆదిలాబాద్ ప్రాంతంలో సోయాచిక్కుడుపై పనిచేసే మిత్రులకు ఈ కథ పరిచితంగానే తోస్తుంది. కాండపు ఈగను, పొగాకు లద్దె పురుగును తట్టుకొనే సోయా వంశాల వెతుకులాట అక్కడి అవసరం. 1970 ప్రాంతంలో అమెరికాలోని దక్షిణ కెరొలైనాలో, జపాన్ నుండి సేకరించిన మూడు పాత సోయా వంశాలు ఆకు తినే పెంకు పురుగును బాగా తట్టుకొన్నట్లు కనుగొన్నారు. తరువాతి పరీక్షలలో అవి పలు ఇతర ఆకు తినే పురుగులను కూడ తట్టుకొన్నాయి. ప్రపంచమంతటా సోయా ప్రజనకులు వాటిని వాడుకొన్నారు. ఇన్ని దశాబ్దాలలో ఆ నిరోధకతతో రైతు చేతికి వచ్చిన రకాలు వేళ్ళ మీద లెక్కించదగినవి. నిరోధక గుణంతోపాటు దిగుబడిని తగ్గించే గుణాలు అంటిపెట్టుకొని రావడం దీనికి ముఖ్య కారణం. మరొక ఉదాహరణ ఇంకా కఠినమైనది. 2000లో ఉత్తర అమెరికాలో సోయా పేనుబంక కనిపించింది. 2004లో డౌలింగ్, జాక్సన్ అనే పాత రకాలలో దానికి నిరోధకత దొరికినట్లు ప్రకటించారు. ఆ జన్యువు గల విత్తనం విపణిలో విస్తరించక ముందే, దానిని లెక్కచేయని పేనుబంక ఒహాయోలో బయటపడింది. వనరును కనుగొన్న సంతోషం ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఏమి కావాలి?

దూరం పోనవసరం లేదు. మన ఉల్లికోడు కథ కూడ ఇట్టిదే. సయామ్ 29 నుండి తెచ్చిన నిరోధకతతో 1970 దశకంలో వచ్చిన ఫల్గుణ ఎన్నో జిల్లాలలో ఉల్లికోడును నిలిపింది. 1980 దశకం రెండవ భాగంలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ఫల్గుణ దుబ్బులలోనే ఉల్లి గొట్టాలు లేచాయి. పురుగు రూపం మారలేదు, రంగు మారలేదు. దాని ఆకలి మారింది.

ఇప్పుడు కోనసీమకు తిరిగివద్దాం. వజ్రం, చైతన్య, కృష్ణవేణి, విజేత, అమర, ఇంద్ర అన్నీ ఉండగా సార్వాలో సుడులు ఎందుకు కనిపిస్తున్నాయి? సమాధానం ఒక్క పేరులో ఉన్నది: స్వర్ణ. 1982లో మారుటేరు నుండే వచ్చిన ఎంటీయూ 7029, వశిష్ఠ, మసూరీల సంతానం. తక్కువ నత్రజనితో పండుతుంది, గింజ రాలదు, అన్నం మన నోటికి అలవాటైనది. తూర్పు భారతమంతటా అది విస్తరించడానికి కారణాలు బలమైనవే. దానిని నిందించడం ఈ వ్యాసపు ఉద్దేశం కాదు. కాని సుడిదోమ ముందు అది నిస్సహాయం. డెల్టాలో దశాబ్దాల తరబడి మడి మడికి అదే రకం, అదే వయస్సు, అదే పచ్చదనం పరచి పెట్టడం దోమకు విందు పరచినట్లే అయింది.

రాజోలు వైపు ఒక రైతు సదస్సులో అమరను గురించి వివరించి కూర్చున్న తరువాత, వెనుక వరుసలోని ఒక పెద్దాయన లేచి అన్న మాట నాకు నేటికీ జ్ఞాపకం. "రకం మంచిదేనండి, దోమా తక్కువే. కాని కళ్ళంలో బస్తా ఎత్తేది మిల్లాయన కదండి. ఆయన సొర్ణ ఉందా అనడుగుతారు గాని, నీ చేలో దోమ పడిందా అనడగరండి." సభ నవ్వింది. నేను కూడ నవ్వాను. బదులు మాత్రం దొరకలేదు. మన పట్టికలలో నిరోధకతకు ఒక గడి ఉంటుంది, దిగుబడికి ఒక గడి ఉంటుంది. మిల్లులో నూకశాతం, బియ్యపు రూపం, బేరగాని మాట ఉండే గడి చివరన, ఒక్కోసారి గ్రంథం వెలుపల ఉంటుంది. దాళ్వాలో బొండాలు వేసే కోనసీమ రైతు గింజ లావుగా ఉండాలని చూస్తాడు, ఆ ఉప్పుడు బియ్యానికి కేరళలో గిరాకీ ఉన్నది కనుక. అదే రైతు సార్వాలో సన్నగింజ అడుగుతాడు. ఇది చాపల్యం కాదు, లెక్క. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టినపుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. మురుగు కాలువలు, గిట్టుబాటు ధర, పెట్టుబడి ఖర్చు నాటి చర్చలో ముందున్నాయి. ఆ ఖర్చులో మందు డబ్బాల వాటా ఒకటి. దానిని తగ్గించగల విత్తనం మన గిడ్డంగిలో ఉండి కూడ చేనుకు చేరకపోతే ఆ లోపంలో మనకూ భాగం ఉన్నది.

దీనికి ఒక దారి ఉన్నదని ముంపు విషయంలో రుజువైంది. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్ 13ఏలోని ముంపు నిరోధక జన్యువును బ్యాక్‌క్రాస్ పద్ధతిలో, మార్కర్ల సాయంతో స్వర్ణలో ప్రవేశపెట్టి 2009లో స్వర్ణ సబ్ 1గా విడుదల చేశారు. అది త్వరగా వ్యాపించడానికి ముఖ్య కారణం, గింజ స్వర్ణదే కావడం. మిల్లాయన అభ్యంతరం చెప్పడానికి ఏమీ లేదు. సాంబమసూరిలో బాక్టీరియా ఆకుఎండు తెగులు నిరోధక జన్యువులు మూడింటిని చేర్చి హైదరాబాద్ సంస్థలు రూపొందించిన మెరుగైన సాంబమసూరి కూడ ఈ దారిలోనిదే. సుడిదోమకు గుర్తించిన జన్యువులు నేడు 30కి పైబడినవి. కొన్నింటిని వేరుచేసి వాటి పనితీరు కూడ తెలుసుకొన్నారు. రైతుకు నచ్చిన గింజను మార్చమని అడగక, ఆ గింజకే కవచం తొడగడం న్యాయం.

ఇక్కడ సహృదయులైన ప్రజనకులు ఒక అభ్యంతరం చెప్పగలరు, చెప్పాలి కూడ. ముంపు నీరు తన స్వభావం మార్చుకోదు, దోమ మార్చుకొంటుంది. ఒకే జన్యువును స్వర్ణలో పెట్టి డెల్టా అంతా పరిస్తే ఐఆర్ 26 కథ మళ్ళీ రాసినట్లే. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తాను. అందుకే ఒక్క జన్యువు చేర్చిన స్వర్ణను తొందరపడి విడుదల చేయడంకన్నా, రెండు మూడు భిన్నమైన జన్యువులను పేర్చి, వాటికి ఏఆర్‌సీ వంశపు మధ్యస్థ నిరోధకతను నేపథ్యంగా ఉంచి, కొంత ఆలస్యంగా విడుదల చేయడమే మేలని నా అభిప్రాయం. అది వచ్చేలోగా మధ్య డెల్టాలో స్వర్ణ విస్తీర్ణం నడుమ అమర, ఇంద్ర వంటివాటిని చెదురుగా నాటించగలిగినా దోమకు విందులో కొంత విరామం కలుగుతుంది.

మరొక సంగతి విస్తరణవైపు నుండి. నిరోధక రకాన్ని ఇచ్చి పాత మందుల అలవాటును అట్లే వదిలివేస్తే రకం పరువు పోతుంది. సింథటిక్ పైరిత్రాయిడ్లు చల్లిన వరిలో సుడిదోమ తగ్గకపోగా పెరుగుతుందని 1980 నాటికే తేలింది. దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు, పిల్లలను పట్టే సాలీళ్ళు ముందు చస్తాయి. ఆకుతొడుగు లోపల భద్రంగా ఉన్న దోమ గుడ్లు తరువాత పగులుతాయి. ఆకుముడత కోసం పొట్ట దశకు ముందు చల్లిన మందు ఫలితం ఈనిక దశలో సుడిగా కనిపిస్తుంది. రైతు మాత్రం "దోమ పడని రకమన్నారు, పడింది" అంటాడు. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించడానికి వెనుక ఉన్నది ఈ అనుభవమే. ఇమిడాక్లోప్రిడ్ వచ్చిన కొత్తలో సుడిదోమకు అంతిమ సమాధానమనుకొన్నాము. పదేళ్ళు దాటేసరికి ఆసియాలో పలుచోట్ల దోమ దానినీ లక్ష్యపెట్టలేదు. నేటి కొత్త మందులు బాగా పనిచేస్తున్నాయన్నది నిజమే. నిరోధక రకమున్న చేలో వాటి అవసరం తగ్గితే వాటి ఆయుష్షు కూడ పెరుగుతుంది. అంటే మందును కాపాడేది కూడ విత్తనమే.

నిరోధకత అనగానే దోమ ఒక్కటీ కనపడకూడదని రైతుకు చెప్పడం మన తప్పు. మధ్యస్థ నిరోధక రకంలో దుబ్బుకు అయిదారు దోమలు ఉండవచ్చు, ఉండాలి కూడ. అవి లేకపోతే మిరిడ్ నల్లి బతకదు. పిలకల దశలో 10 నుండి 15, ఈనిక దశలో 20 నుండి 25 అన్న హద్దు దాటినపుడు మాత్రమే మందు మాట ఎత్తాలి. ప్రతి రెండు మీటర్లకు కాలిబాట తీయడం, నీటిని అప్పుడప్పుడు తీసి ఆరబెట్టడం, యూరియాను అదుపులో పెట్టడం అందరికీ తెలిసినవే. వీటిలో రెండవది మాత్రం కోనసీమలో చెప్పినంత తేలిక కాదు. గౌతమి, వైనతేయ, వశిష్ఠల మధ్య పల్లంలో, మురుగు పోయే దారి పూడిన చోట, నీరు తీయమని రైతుకు చెప్పడం హాస్యాస్పదమవుతుంది. మురుగు పోని నేలకు విత్తనంలోనే కవచం మరింత అవసరం కావడానికి ఇదొక కారణం.

ఇంతకూ చేయదగినదేమి? మొదటిది, పరీక్షకు వాడే దోమను గురించి. గాజు గదిలో తైచుంగ్ నేటివ్ మీద తరాల తరబడి పెంచిన దోమ, రాజోలు చేలో స్వర్ణ మీద, మందుల నడుమ పెరిగిన దోమ ఒకటే అనుకోరాదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట మూడు ప్రాంతాలనుండీ ప్రతి సార్వాలో దోమను సేకరించి, పీటీబీ 33తోపాటు తెలిసిన జన్యువులు ఒక్కొక్కటి గల రకాల వరుసపై వదిలి చూడాలి. ఏ జన్యువు బలహీనపడుతున్నదో పంట పోకముందే తెలుస్తుంది. ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. గ్రామీణ వ్యవసాయ అనుభవానికి వచ్చే చివరి సంవత్సరం విద్యార్థులు ఒక గాజు గొట్టం, ఒక నోటితో పీల్చే సాధనం తెస్తే చాలు. రెండవది, సిద్ధాంత గ్రంథంలో నిరోధకమని తేలిన వంశాలకు రైతు పొలంలో ఒక్క కారు పరీక్ష, మిల్లులో ఒక్క బస్తా పరీక్ష తప్పనిసరి చేయాలి. ఆ బస్తా ఫలితం గ్రంథపు పట్టికలో నిరోధకత పక్క గడిలోనే ఉండాలి.

మూడవది చిన్నది. మన విత్తన విక్రయ రిజిస్టర్లలో రకం పేరు, బస్తాలు, సొమ్ము ఉంటాయి. వాటి పక్కన గ్రామం, సర్వే నంబరు రాసే అలవాటు చేసుకొంటే, మారుటేరు నుండి వచ్చిన ఏ నిరోధక రకం ఏ పల్లపు మడిలోకి వెళ్ళిందో వచ్చే సార్వాలో సుడి కనిపించిన రోజున వెంటనే చూసుకోవచ్చు. దోమ నిలిచిన చోట ఆ రకమే ఉన్నదా, మరొకటి ఉన్నదా అన్న ప్రశ్నకు నేడు మన వద్ద గట్టు మీద విన్న మాట తప్ప ఆధారం లేదు.